జాయిన్ ఉన్న వ్యూ మీద అప్‌డేట్, డిలీట్, ఇన్సర్ట్ నడిపించడం ఎలా: పోస్ట్‌గ్రెస్ రీరైట్ రూల్స్, స్టెప్ బై స్టెప్

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో జాయిన్ ఉన్న వ్యూ (టేబుల్ లాగా వాడుకునే, సేవ్ చేసిన సెలెక్ట్ క్వెరీ) మీద సెలెక్ట్ బ్రహ్మాండంగా నడుస్తుంది, అదే వ్యూ మీద అప్‌డేట్ కొడితే "ఈ వ్యూని అప్‌డేట్ చేయలేం" అని ఎర్రర్. కింద హింట్‌లో ఇన్‌స్టెడ్ ఆఫ్ ట్రిగ్గర్ (అసలు కమాండ్ బదులు ఒక్కో రోకి నడిచే ఫంక్షన్) అయినా పెట్టండి, కండిషన్ లేని ఇన్‌స్టెడ్ రూల్ (మీ క్వెరీ బదులు వేరే క్వెరీ పెట్టేది) అయినా పెట్టండి అని ఉంటుంది. సరిగ్గా అక్కడ ఆగిపోయి, రూల్ ఎలా రాయాలి అని అడిగేవాళ్లు చాలామంది.

రూల్ సింటాక్స్ పది నిమిషాల్లో వచ్చేస్తుంది. కానీ ఎర్రర్ ఏమీ ఇవ్వకుండా డేటాని సగం మార్చి సగం వదిలేసే చోట్లు కొన్ని ఉన్నాయి, ఈ గైడ్‌లో ఎక్కువ భాగం వాటి గురించే.

కోడ్ అంతా పలికినట్టు తెలుగు లిపిలో రాశా, కీవర్డ్‌లు మాత్రం మీరు ఎడిటర్‌లో మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

1. ముందు మీకు రూల్ నిజంగా కావాలా చూసుకోండి

పోస్ట్‌గ్రెస్ 9.3 నుంచి సింపుల్ వ్యూలు వాటంతట అవే అప్‌డేట్ అవుతాయి, రూల్ ఏమీ అక్కర్లేదు. సింపుల్ అంటే ఇవన్నీ ఉండాలి:

- ఫ్రమ్‌లో ఒక్కటే టేబుల్, లేదా ఇలాగే అప్‌డేట్ అయ్యే ఇంకో వ్యూ
- పై లెవెల్లో విత్, డిస్టింక్ట్, గ్రూప్ బై, హ్యావింగ్, లిమిట్, ఆఫ్‌సెట్ ఏవీ లేవు
- యూనియన్, ఇంటర్‌సెక్ట్, ఎక్సెప్ట్ లేవు
- సెలెక్ట్ లిస్ట్‌లో సమ్, కౌంట్ లాంటి అగ్రిగేట్లు, విండో ఫంక్షన్లు, రోస్ తిరిగిచ్చే ఫంక్షన్లు లేవు

మీ వ్యూ ఇందులోకి వస్తే రూల్ రాయకండి, రాస్తే లేని ఇబ్బందులు తెచ్చుకున్నట్టే. వ్యూ కండిషన్ దాటి డేటా పోకుండా ఆపాలంటే విత్ చెక్ ఆప్షన్ పెట్టుకుంటే చాలు, అది 9.4 నుంచి ఉంది.

ఇన్ఫర్మేషన్_స్కీమా.వ్యూస్‌లో ఈజ్_అప్‌డేటబుల్ కాలమ్ చూస్తే మీ వ్యూ సంగతి వెంటనే తెలిసిపోతుంది. అక్కడ "నో" అని ఉండి, వ్యూలో జాయిన్ ఉంటే ముందుకి రండి.

2. సిద్ధం చేసుకోవాల్సినవి

ఈ గైడ్ అంతా ఒకే ఉదాహరణ మీద నడుస్తుంది. రెండు టేబుల్స్:

సభ్యులు: ఐడి (ఐడెంటిటీ, అంటే నంబర్ దానంతట అదే వస్తుంది; ప్రైమరీ కీ), పేరు, ఈమెయిల్ (యునీక్), స్థితి (డీఫాల్ట్ 'యాక్టివ్')
సంప్రదింపులు: సభ్య_ఐడి (ప్రైమరీ కీ, సభ్యులు టేబుల్‌కి ఫారిన్ కీ), ఫోన్

వాటి మీద వ్యూ:

క్రియేట్ వ్యూ సభ్య_పూర్తి యాజ్
  సెలెక్ట్ స.ఐడి, స.పేరు, స.ఈమెయిల్, స.స్థితి, క.ఫోన్
  ఫ్రమ్ సభ్యులు స జాయిన్ సంప్రదింపులు క ఆన్ క.సభ్య_ఐడి = స.ఐడి
  వేర్ స.స్థితి = 'యాక్టివ్';

మీ వ్యూ దగ్గర కూర్చునే ముందు ఇవి కాగితం మీద రాసి పెట్టుకోండి:

- వ్యూలో ప్రతి కాలమ్ ఏ బేస్ టేబుల్ నుంచి వస్తోంది
- ప్రతి బేస్ టేబుల్ ప్రైమరీ కీ వ్యూలో కనిపిస్తోందా (లేకపోతే రూల్ రాయడానికి ఆధారమే ఉండదు, ముందు ఆ కాలమ్ వ్యూలో చేర్చండి)
- వ్యూ వేర్‌లోనూ జాయిన్‌లోనూ వాడిన కాలమ్స్ ఏవి. వీటిని ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టుకోండి, తర్వాత గొడవలన్నీ వీటి దగ్గరే
- ఏ కాలమ్‌ని అస్సలు మార్చనివ్వకూడదు
- అప్లికేషన్ రిటర్నింగ్ (మారిన రో విలువల్ని తిరిగి అడగడం) వాడుతుందా, ఆన్ కాన్‌ఫ్లిక్ట్ (డూప్లికేట్ వస్తే ఏం చేయాలో చెప్పడం) వాడుతుందా

3. రూల్ అసలు ఏం చేస్తుందో ఒకసారి కళ్లారా చూడండి

ఈ స్టెప్ దాటేసి కోడ్ కాపీ కొట్టుకుంటే తర్వాత ఏ తప్పు ఎందుకొచ్చిందో అర్థం కాదు, అందుకే ఇక్కడ కాస్త ఆగండి.

రూల్ అనేది ట్రిగ్గర్ లాగా ఒక్కో రో దగ్గర ఆగి పని చేసేది కాదు. మీరు పంపిన క్వెరీని తీసుకుని, అది రన్ అవ్వకముందే, దాని బదులు వేరే క్వెరీ రాసేస్తుంది, అంతే. రూల్‌లో ఓల్డ్ అని రాస్తే అది "మారక ముందు పక్కన తీసిపెట్టిన రో" కాదు, ఆ వ్యూనే మళ్లీ చదవడం. న్యూ అంటే సెట్‌లో మీరిచ్చిన ఎక్స్‌ప్రెషన్, అక్కడ అలాగే అతికించేస్తారు. సెట్‌లో ఇవ్వని కాలమ్ అయితే ఓల్డ్‌లో ఉన్నదే న్యూ.

ఉదాహరణకి మీరు ఇలా పంపారు:

అప్‌డేట్ సభ్య_పూర్తి సెట్ పేరు = 'రాధ' వేర్ ఫోన్ = '111';

రూల్‌లో "అప్‌డేట్ సభ్యులు సెట్ పేరు = న్యూ.పేరు వేర్ ఐడి = ఓల్డ్.ఐడి" అని ఉంటే, సర్వర్ నిజంగా నడిపేది దాదాపు ఇది:

అప్‌డేట్ సభ్యులు సెట్ పేరు = 'రాధ'
  ఫ్రమ్ సభ్య_పూర్తి ఓల్డ్
  వేర్ ఓల్డ్.ఫోన్ = '111' అండ్ సభ్యులు.ఐడి = ఓల్డ్.ఐడి;

చూశారా, మీ వేర్ కండిషన్ కూడా వచ్చి చేరింది. రూల్‌లో రెండు కమాండ్లు ఉంటే రెండింటికీ ఇలాగే చేరుతుంది, రెండోది నడిచే టైముకి మొదటిది చేసిన మార్పు దానికి కనిపిస్తుంది. ఈ ఒక్క మాట పట్టుకోండి, మిగతా స్టెప్స్ అన్నీ దీన్నుంచే వస్తాయి.

4. అప్‌డేట్ రూల్

క్రియేట్ రూల్ ర20_మార్పు యాజ్ ఆన్ అప్‌డేట్ టు సభ్య_పూర్తి డూ ఇన్‌స్టెడ్ (
  అప్‌డేట్ సంప్రదింపులు సెట్ ఫోన్ = న్యూ.ఫోన్ వేర్ సభ్య_ఐడి = ఓల్డ్.ఐడి;
  అప్‌డేట్ సభ్యులు సెట్ పేరు = న్యూ.పేరు, ఈమెయిల్ = న్యూ.ఈమెయిల్, స్థితి = న్యూ.స్థితి వేర్ ఐడి = ఓల్డ్.ఐడి
);

సంప్రదింపులు ముందు ఎందుకు పెట్టానంటే, వ్యూ వేర్‌లో స్థితి ఉంది కదా. సభ్యులు ముందు పెట్టి, ఎవరైనా ఒకేసారి స్థితిని 'ఆగింది' చేసి ఫోన్ కూడా మార్చారనుకోండి, మొదటి కమాండ్ అవ్వగానే ఆ రో వ్యూలోంచి వెళ్లిపోతుంది, రెండో కమాండ్ వ్యూని మళ్లీ చదివితే అక్కడ ఏమీ ఉండదు, ఫోన్ మారదు, ఎర్రర్ కూడా రాదు. అందుకే మీరు ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టిన కాలమ్స్‌లో రూల్ మార్చేవి ఏ టేబుల్‌లో ఉంటే అది ఎప్పుడూ చివర్లో రావాలి.

ఇక్కడితో అయిపోలేదు. సెట్ పేరు = 'రాధ', ఫోన్ = '222' వేర్ ఫోన్ = '111' అని పంపితే? ఇప్పుడు మొదటి కమాండ్ ఫోన్‌ని 222 చేసేసింది, రెండోదానికి 111 ఉన్న రో దొరకదు, పేరు పాతదే ఉండిపోతుంది. కమాండ్లు తిప్పి రాస్తే ఇది బాగవుతుంది కానీ పైన చెప్పిన స్థితి సమస్య తిరిగొస్తుంది. ఏ వరసలో రాసినా అన్ని కేసులూ కవర్ కావు.

నేను పాటించేది ఇది: రెండు టేబుల్స్ మార్చే రూల్ ఉన్న వ్యూకి అప్‌డేట్ పంపేటప్పుడు వేర్‌లో ఐడి తప్ప ఇంకోటి వాడకూడదని టీమ్‌లో అందరికీ చెప్పి, అదే మాట కామెంట్ ఆన్ వ్యూలో కూడా రాసేస్తా. అలా ఒప్పించలేని చోట రూల్ వదిలేసి ట్రిగ్గర్‌కి వెళ్తా.

ఐడి కాలమ్‌ని సెట్‌లో పెట్టలేదు గమనించండి. పెట్టకపోతే, ఎవరైనా ఐడి మార్చాలని పంపినా అది పట్టించుకోకుండా పోతుంది, అదే మనకి కావాలి.

ఇద్దరు ఒకేసారి అప్‌డేట్ పంపే చోట ఇంకో చిక్కు. ఈ రూల్ మూడు కాలమ్స్‌నీ ప్రతిసారీ రాస్తుంది. ఒకరు పేరు మారుస్తున్న క్షణంలోనే ఇంకొకరు అదే రోలో ఈమెయిల్ మారిస్తే, రెండో ఆయన లాక్ కోసం ఆగి తర్వాత రాసేటప్పుడు తను ముందే చదివిన పాత పేరు కూడా కలిపి రాసేస్తాడు, మొదటి మార్పు పోతుంది. మామూలు టేబుల్ అప్‌డేట్‌లో ఇలా జరగదు. రద్దీ ఉన్న టేబుల్ అయితే ట్రాన్సాక్షన్ మొదట్లో బేస్ టేబుల్ మీద సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో ఆ రోని లాక్ చేసి, ఆ తర్వాత విడిగా వ్యూ మీద అప్‌డేట్ పంపండి.

5. డిలీట్ రూల్

ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే. చూడగానే సబబుగా అనిపించే రూల్ ఇది:

క్రియేట్ రూల్ ర20_తొలగింపు యాజ్ ఆన్ డిలీట్ టు సభ్య_పూర్తి డూ ఇన్‌స్టెడ్ (
  డిలీట్ ఫ్రమ్ సంప్రదింపులు వేర్ సభ్య_ఐడి = ఓల్డ్.ఐడి;
  డిలీట్ ఫ్రమ్ సభ్యులు వేర్ ఐడి = ఓల్డ్.ఐడి
);

ఫారిన్ కీ ఉంది కాబట్టి పిల్ల టేబుల్ ముందు, తల్లి టేబుల్ తర్వాత, వరస కరెక్టే కదా అనుకుంటాం. కానీ సంప్రదింపుల్లో రో పోగానే జాయిన్ తెగిపోయింది, వ్యూలో ఆ సభ్యుడు లేడు, రెండో డిలీట్‌కి ఏమీ దొరకదు.

ఒక ప్రాజెక్ట్‌లో నేను అచ్చంగా ఇలాగే రాశా. వ్యూలో చూస్తే రో లేదు, కాబట్టి డిలీట్ అయిందనే అనుకున్నాం. కొన్నాళ్లకి తీసేసిన ఒక సభ్యుడిని మళ్లీ చేర్చబోతే ఈమెయిల్ డూప్లికేట్ అని ఎర్రర్, సభ్యులు టేబుల్ తెరిచి చూస్తే తీసేశాం అనుకున్నవాళ్లందరూ అందులోనే ఉన్నారు. స్క్రీన్ మీద "డిలీట్ 0" అని మొదటి రోజు నుంచీ వస్తూనే ఉంది, ఎందుకంటే సర్వర్ చూపించే లెక్క రూల్‌లోని చివరి డిలీట్‌ది. ఆ సున్నాని అప్పుడే పట్టించుకుని ఉంటే అంత క్లీనప్ పని పడేది కాదు.

సరిచేసే దారులు, నాకు నచ్చిన వరసలో:

- ఫారిన్ కీకి ఆన్ డిలీట్ క్యాస్కేడ్ (తల్లి రో పోతే పిల్ల రోస్ కూడా వాటంతట అవే పోవడం) పెట్టి, రూల్‌లో సభ్యులు మీద ఒక్క డిలీట్ మాత్రమే ఉంచండి. కమాండ్ ఒక్కటే కాబట్టి వరస గొడవే లేదు
- క్యాస్కేడ్ పెట్టడం కుదరకపోతే వ్యూలో జాయిన్‌ని లెఫ్ట్ జాయిన్ చేయండి. అప్పుడు సంప్రదింపులు పోయినా సభ్యుడు వ్యూలో ఉంటాడు, రెండో డిలీట్ పనిచేస్తుంది. అయితే వేర్ ఫోన్ = '111' అని డిలీట్ పంపితే మళ్లీ పాత కథే
- రెండూ కుదరకపోతే ట్రిగ్గర్

"రెండూ ఒకే విత్ క్వెరీలో పెట్టేస్తే పోలా" అని చాలామంది ట్రై చేస్తారు. విత్ లోపల ఓల్డ్‌నీ న్యూనీ వాడనివ్వదు, రూల్ క్రియేట్ చేసేటప్పుడే ఎర్రర్ ఇస్తుంది.

నిజంగా తీసేయకుండా స్థితి మాత్రం మార్చే పద్ధతి అయితే, డిలీట్ రూల్‌లో అప్‌డేట్ రాస్తారు. పని జరుగుతుంది కానీ కమాండ్ రకం వేరు కాబట్టి సర్వర్ ఎప్పుడూ "డిలీట్ 0" అనే చెప్తుంది. ఎన్ని రోస్ పోయాయో లెక్క చూసుకునే ఓఆర్ఎమ్‌లు (అప్లికేషన్ కోడ్ తరఫున క్వెరీలు పంపే లైబ్రరీలు) ఉంటే అవి ఫెయిల్ అంటాయి, ముందే తెలుసుకుని పెట్టండి.

6. ఇన్సర్ట్ రూల్

క్రియేట్ రూల్ ర20_చేర్పు యాజ్ ఆన్ ఇన్సర్ట్ టు సభ్య_పూర్తి డూ ఇన్‌స్టెడ్ (
  ఇన్సర్ట్ ఇంటు సభ్యులు (పేరు, ఈమెయిల్, స్థితి)
    వాల్యూస్ (న్యూ.పేరు, న్యూ.ఈమెయిల్, కోలెస్ (న్యూ.స్థితి, 'యాక్టివ్'));
  ఇన్సర్ట్ ఇంటు సంప్రదింపులు (సభ్య_ఐడి, ఫోన్)
    వాల్యూస్ (కర్‌వాల్ (పీజీ_గెట్_సీరియల్_సీక్వెన్స్ ('సభ్యులు', 'ఐడి')), న్యూ.ఫోన్)
);

కర్‌వాల్ అంటే సీక్వెన్స్ (ఐడి నంబర్లు ఇచ్చే కౌంటర్) ఈ సెషన్‌లో చివరగా ఇచ్చిన నంబర్. ఇందులో మూడు విషయాలు.

కోలెస్ (మొదటి విలువ నల్ అయితే రెండోది తీసుకునేది) ఎందుకు? యూజర్ స్థితి ఇవ్వకపోతే న్యూ.స్థితి నల్ అవుతుంది, రూల్ ఆ నల్‌నే స్పష్టంగా పంపిస్తుంది, అప్పుడు బేస్ టేబుల్ డీఫాల్ట్ పనిచేయదు. స్థితి నల్‌తో రో చేరి, వ్యూలో మాత్రం కనిపించదు, ఇన్సర్ట్ పోయిందేమో అని వెతుక్కోవాల్సి వస్తుంది. ఇంకో దారి ఆల్టర్ వ్యూతో ఆ వ్యూ కాలమ్‌కే సెట్ డీఫాల్ట్ ఇవ్వడం, అదీ శుభ్రంగానే ఉంటుంది.

కానీ ఐడికి మాత్రం వ్యూ డీఫాల్ట్‌గా నెక్స్ట్‌వాల్ (సీక్వెన్స్ నుంచి తర్వాతి నంబర్ తెచ్చేది) పెట్టకండి. న్యూ.ఐడి అని రెండు చోట్ల రాస్తే నెక్స్ట్‌వాల్ రెండు చోట్లా అతికి, రెండుసార్లు నడిచి, రెండు వేర్వేరు నంబర్లు ఇస్తుంది. ర్యాండమ్ లాంటి ప్రతిసారీ మారే ఫంక్షన్లన్నిటికీ ఇదే వర్తిస్తుంది.

మూడోది పెద్దది. పైన రాసిన రూల్ ఒకసారికి ఒక్క రో ఇన్సర్ట్ చేస్తేనే సరిగ్గా నడుస్తుంది. ఐదు రోస్ ఒకే వాల్యూస్‌లో పంపితే, ముందు ఐదుగురు సభ్యులూ చేరిపోతారు, తర్వాత రెండో కమాండ్ మొదలవుతుంది, అప్పటికి కర్‌వాల్ అంటే ఐదో సభ్యుడి నంబరే. సభ్య_ఐడి ప్రైమరీ కీ కాబట్టి డూప్లికేట్ ఎర్రర్ వచ్చి మొత్తం ఆగుతుంది, అది మన అదృష్టం. ఆ కీ లేకపోతే ఐదు ఫోన్లూ చివరి సభ్యుడికే అంటుకుంటాయి, చప్పుడు లేకుండా. అందుకే పిల్ల టేబుల్‌లో యునీక్ లేకుండా ఈ రూల్ పెట్టకండి.

ఒకేసారి చాలా రోస్ పంపాల్సి ఉంటే, రెండో ఇన్సర్ట్‌ని ఈమెయిల్ లాంటి సహజ కీతో రాయండి: ఇన్సర్ట్ ఇంటు సంప్రదింపులు సెలెక్ట్ ఐడి, న్యూ.ఫోన్ ఫ్రమ్ సభ్యులు వేర్ ఈమెయిల్ = న్యూ.ఈమెయిల్. ఈమెయిల్ యునీక్, నాట్ నల్ అయితే ఎన్ని రోస్ అయినా సరిగ్గా జతపడతాయి.

7. రిటర్నింగ్ కలపడం

అప్లికేషన్ "ఇన్సర్ట్ ... రిటర్నింగ్ ఐడి" అని పంపితే పైన రూల్ చాలదు, కండిషన్ లేని ఇన్‌స్టెడ్ రూల్‌లో రిటర్నింగ్ ఉండాలి అని ఎర్రర్ వస్తుంది. ఒక ఈవెంట్‌కి అన్ని రూల్స్‌లో కలిపి ఒక్క రిటర్నింగే ఉండొచ్చు, అది వ్యూ కాలమ్స్ అన్నిటినీ అదే వరసలో అదే టైప్‌తో ఇవ్వాలి.

రెండు టేబుల్స్ ఉన్నప్పుడు చివరి కమాండ్‌కి తగిలించి, రెండో టేబుల్ కాలమ్స్‌ని సబ్‌క్వెరీతో తెచ్చుకోండి. అప్‌డేట్ రూల్‌లో అయితే చివరి లైన్ ఇలా:

  ... వేర్ ఐడి = ఓల్డ్.ఐడి
  రిటర్నింగ్ సభ్యులు.ఐడి, సభ్యులు.పేరు, సభ్యులు.ఈమెయిల్, సభ్యులు.స్థితి,
    (సెలెక్ట్ క.ఫోన్ ఫ్రమ్ సంప్రదింపులు క వేర్ క.సభ్య_ఐడి = సభ్యులు.ఐడి)

8. కండిషన్ ఉన్న రూల్స్

కండిషన్ ఉన్న రూల్ ఒక్కటే పెడితే వ్యూ అప్‌డేట్ కాదు, కండిషన్ లేని ఇన్‌స్టెడ్ రూల్ ఒకటి తప్పకుండా ఉండాలి, చేసేదేమీ లేకపోతే డూ ఇన్‌స్టెడ్ నథింగ్ అయినా సరే. మిగతావి డూ ఆల్సోగా చేర్చుకోవచ్చు.

ఒకే ఈవెంట్‌కి ఉన్న రూల్స్ పేర్ల అక్షర క్రమంలో నడుస్తాయి. ఫోన్ మారితే పాతది ఒక చరిత్ర టేబుల్‌లో రాయాలంటే, ఆ రూల్ మార్పు రూల్ కంటే ముందు నడవాలి. వెనక నడిస్తే వ్యూలో అప్పటికే కొత్త ఫోన్ ఉంటుంది, ఓల్డ్, న్యూ రెండూ ఒకటే అయి కండిషన్ నెరవేరదు, చరిత్ర ఖాళీగానే ఉంటుంది. నేను ర10, ర20 అని నంబర్లతో పేర్లు పెట్టేది అందుకే, దీనికి ర10_చరిత్ర అని పెడితే సరిపోతుంది. కండిషన్ రాసేటప్పుడు నల్ దెబ్బ తగలకుండా ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్ వాడండి.

9. పర్మిషన్లు

యూజర్‌కి వ్యూ మీద పర్మిషన్ ఉంటే చాలు, రూల్‌లో రాసిన బేస్ టేబుల్స్‌కి చెక్ అయ్యేది వ్యూ ఓనర్ పర్మిషన్. ఫంక్షన్లకి మాత్రం అలా కాదు, అవి పిలిచిన యూజర్ పేరు మీదే నడుస్తాయి. కాబట్టి కర్‌వాల్ వాడిన రూల్‌కి ఆ సీక్వెన్స్ మీద యూజర్‌కి యూసేజ్ గ్రాంట్ ఇవ్వాలి. డెవలప్‌మెంట్‌లో సూపర్‌యూజర్‌గా టెస్ట్ చేసి ప్రొడక్షన్‌లో పర్మిషన్ ఎర్రర్ చూసేది ఎక్కువగా దీనివల్లే.

10. టెస్ట్ చేయడం

ముందు బిగిన్ కొట్టండి, అన్నీ చూశాక రోల్‌బ్యాక్. ఎక్స్‌ప్లెయిన్ పెట్టి వ్యూ మీద అప్‌డేట్ ఇస్తే రూల్ తయారుచేసిన ప్రతి క్వెరీకి ఒక్కో ప్లాన్ విడిగా చూపిస్తుంది, నేను మొదట చూసేది అదే. ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ అయితే నిజంగా రన్ చేస్తుంది, జాగ్రత్త.

తర్వాత ఇవి ఒక్కోటీ నడిపి, ప్రతిసారీ వ్యూ కాకుండా రెండు బేస్ టేబుల్స్‌నీ నేరుగా తెరిచి చూడండి:

- ఒక టేబుల్ కాలమ్ మాత్రమే మార్చడం
- రెండు టేబుల్స్ కాలమ్స్ ఒకేసారి మార్చడం, వేర్‌లో ఐడి
- అదే, కానీ వేర్‌లో మారుతున్న కాలమ్
- రో వ్యూలోంచి బయటికి పోయేలా స్థితి మార్చడం, దానితోపాటు ఫోన్
- ఒక డిలీట్, సర్వర్ చెప్పిన లెక్కతో సహా
- డీఫాల్ట్ కాలమ్ ఇవ్వకుండా ఇన్సర్ట్
- మూడు రోస్ ఒకేసారి ఇన్సర్ట్
- మామూలు యూజర్‌గా సెట్ రోల్ చేసి ఇవన్నీ మళ్లీ

11. ఎప్పుడు ట్రిగ్గర్‌కి మారాలి

కొన్ని పనులు రూల్స్‌తో కుదరవు. ఇన్సర్ట్ లేదా అప్‌డేట్ రూల్ ఉన్న చోట ఆన్ కాన్‌ఫ్లిక్ట్ నడవదు, రూల్స్ ఉన్న వ్యూ మీద మెర్జ్ నడవదు, కాపీ కమాండ్ రూల్స్‌ని అసలు పట్టించుకోదు. రెండు కమాండ్లు ఉన్న ఇన్‌స్టెడ్ రూల్ ఉన్న వ్యూని విత్ లోపల అప్‌డేట్ చేయలేం.

నా లెక్క ఇది. రూల్‌లో ఒకే కమాండ్‌తో పని అయిపోతే రూల్ మంచిది, లక్ష రోస్ మార్చినా ఒకే క్వెరీగా నడుస్తుంది, ట్రిగ్గర్ అయితే లక్షసార్లు నడుస్తుంది. రెండు టేబుల్స్ రాయాలి, పైగా వేర్‌లో ఎవరేం పంపుతారో మన చేతిలో లేదు అంటే ఇన్‌స్టెడ్ ఆఫ్ ట్రిగ్గర్ రాయండి, అందులో ఓల్డ్ అంటే నిజంగా పాత రోనే. మారేటప్పుడు రూల్‌ని డ్రాప్ చేయడం మర్చిపోకండి, కండిషన్ లేని ఇన్‌స్టెడ్ రూల్ ఉన్నంతకాలం ట్రిగ్గర్ నడవదు.

12. తర్వాత చూసుకోవాల్సినవి

- క్రియేట్ ఆర్ రీప్లేస్ వ్యూ చేస్తే రూల్స్ ఉంటాయి, డ్రాప్ చేసి మళ్లీ క్రియేట్ చేస్తే పోతాయి. రూల్స్‌ని వ్యూ ఉన్న మైగ్రేషన్ ఫైల్‌లోనే పెట్టండి
- వ్యూకి కొత్త కాలమ్ చేర్చిన రోజే అప్‌డేట్, ఇన్సర్ట్ రూల్స్ రెండింటిలోనూ చేర్చండి, లేకపోతే దానికి పంపిన విలువ ఎర్రర్ లేకుండా పోతుంది
- ఇప్పుడు ఏ రూల్స్ ఉన్నాయో పీజీ_రూల్స్‌లో పూర్తి డెఫినిషన్‌తో కనిపిస్తాయి, డిప్లాయ్ అయ్యాక ఒకసారి తెరిచి మీ ఫైల్‌తో పోల్చుకోండి